రెడ్‌వుడ్ అడవిలో గంట నడక: దారి అంత సులువు, కట్టుబాట్లు మాత్రం అన్ని ఎందుకు?

క్లుప్తంగా: కాలిఫోర్నియా తీరంలోని పాత రెడ్‌వుడ్ అడవుల్లో పేరున్న ట్రైల్స్ చాలావరకు చిన్నవి, చదునైనవి. పిల్లలూ పెద్దవాళ్లూ తేలిగ్గా నడిచేయొచ్చు. ఇది అనుకోకుండా జరిగింది కాదు. ఆ చెట్లు బాగా పెరిగేది ఏటి ఒడ్డున ఒండ్రు నేలలో, మనిషి హాయిగా నడవగలిగేదీ అక్కడే. వేళ్లు లోతుకు పోని చెట్లు కాబట్టి మన అడుగుల బరువు నేరుగా వాటి మీదే పడుతుంది. బాట దిగొద్దన్నా, పార్కింగ్ ముందే బుక్ చేసుకోమన్నా, తిండి ముక్కలు కింద పడేయొద్దన్నా కారణాలు ఆ చెట్టు బతికే తీరులోనూ దాన్ని నమ్ముకుని బతికే జీవుల్లోనూ ఉన్నాయి.

వేసవి వచ్చిందంటే శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని తెలుగు ఇళ్లకు ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. వాళ్లకు చూపించాల్సిన చోట్లలో గోల్డెన్ గేట్ వంతెన తర్వాత మ్యూర్ వుడ్స్ అనే రెడ్‌వుడ్ అడవి పేరు దాదాపు ఖాయం. తీరా వెళ్లాక పార్కింగ్ రిజర్వేషన్ చూపించమంటారు, అక్కడేమో ఫోన్ సిగ్నల్ ఉండదు, కారు వెనక్కి తిప్పుకోవాల్సిందే. లోపలికి వెళ్లినవాళ్లకు ఇంకో సందేహం. ఇంత పెద్ద చెట్టు పక్కన నిలబడి ఒక ఫొటో దిగితే దానికేం నష్టం, కంచె ఎందుకు? దీనికి తోడు రెండు వార్తలు జనాన్ని మరింత గందరగోళంలో పడేశాయి. 2020లో బిగ్ బేసిన్ అనే రెడ్‌వుడ్ పార్కు కాలిపోయిందన్నారు, రెండేళ్లకే మళ్లీ తెరిచారు. 2022లో ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెట్టు దగ్గరికి వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు అన్నారు. విడివిడిగా చూస్తే ఒకదానికొకటి పొంతన లేని కబుర్లలా ఉంటాయి గానీ, చెట్టు ఎలా బతుకుతుందో తెలిస్తే అన్నీ ఒకే కథలోకి వస్తాయి.

## ముందుగా, ఏ చెట్టు?

రెడ్‌వుడ్ పేరుతో రెండు వేర్వేరు చెట్లను కలిపేస్తుంటారు. సియెరా నెవాడా కొండల్లో ఉండేది జెయింట్ సెక్వోయా. జనరల్ షెర్మన్ చెట్టు ఆ జాతిదే, లావులోనూ బరువులోనూ దానిదే పైచేయి. సముద్రతీరం వెంట ఉండేది కోస్ట్ రెడ్‌వుడ్, శాస్త్రీయ నామం సెక్వోయా సెంపర్‌వైరెన్స్, ఎత్తులో దీన్ని మించింది లేదు. 2006లో కనిపెట్టిన హైపీరియన్ అనే చెట్టు దాదాపు 116 మీటర్లు ఉంటుంది. నాగార్జునసాగర్ డ్యామ్ పునాది నుంచి పైదాకా 124 మీటర్లు అని గుర్తు చేసుకుంటే, ఒకే ఒక్క కాండం ఎంత ఎత్తుకు లేచిందో అర్థమవుతుంది. ఈ వ్యాసం కోస్ట్ రెడ్‌వుడ్ గురించే.

ఒరెగన్ నైరుతి మూల నుంచి దక్షిణాన బిగ్ సర్ దాకా, సుమారు 750 కిలోమీటర్ల పొడవున, తీరాన్ని అంటిపెట్టుకున్న సన్నటి పట్టీలో మాత్రమే ఇది సహజంగా పెరుగుతుంది. బంగారం కోసం జనం ఎగబడ్డ 1849-50 రోజులకు ముందు అక్కడ 20 లక్షల ఎకరాల పాత అడవి ఉండేది. ఇప్పుడు గొడ్డలి పడని అడవి అందులో 5 శాతం. మిగతా చోట్ల కనిపించే రెడ్‌వుడ్లు నరికిన తర్వాత మళ్లీ లేచినవి. పచ్చగానే ఉంటాయి, ఎత్తుగానే ఉంటాయి, కానీ పాత అడవికీ వాటికీ తేడా చాలా ఉంది.

## దారి చదునుగా ఉండడం వెనక ఏరు

కొండ వాలు మీద కూడా రెడ్‌వుడ్ పెరుగుతుంది. కానీ పెద్ద చెట్లు గుంపుగా, రాజసంగా కనిపించే చోట్లు ఎక్కువగా ఏటి పక్కన మెరకలే. వందల ఏళ్లుగా వరదలు తెచ్చి పరిచిన ఒండ్రు అక్కడ లోతుగా ఉంటుంది, తేమ ఎండిపోదు, కొండలు గాలిని అడ్డుకుంటాయి. చాలా చెట్లు వరద ఒండ్రు కింద మొదలు కప్పబడిపోతే ఊపిరాడక చస్తాయి. రెడ్‌వుడ్ మాత్రం కప్పబడిపోయిన కాండం నుంచే కొత్త నేల మట్టానికి దగ్గరగా మరో వరస వేళ్లు వేస్తుంది. ఇలా వరద వచ్చిన ప్రతిసారీ పోటీ చెట్లు తగ్గుతాయి, రెడ్‌వుడ్ నిలబడుతుంది. ఏరు తన మట్టితో నేలను సమం చేస్తూ పోతుంది.

మనం 'ఈజీ ట్రైల్' అనుకుని నడిచేది ఆ ఒండ్రు మెరక మీదే. మ్యూర్ వుడ్స్‌లో రెడ్‌వుడ్ క్రీక్ వెంట, ఫెల్టన్ ఊరి దగ్గర హెన్రీ కోవెల్ పార్కులో శాన్ లొరెంజో నది పక్కన, ఉత్తరాన హంబోల్ట్ రెడ్‌వుడ్స్‌లోని ఫౌండర్స్ గ్రోవ్‌లో ఈల్ నది దగ్గర, అన్నిచోట్లా ఇదే అమరిక. దీనికి మినహాయింపులూ ఉన్నాయి. లేడీ బర్డ్ జాన్సన్ గ్రోవ్ ఏటి ఒడ్డున కాదు, సముద్రమట్టానికి సుమారు 1,200 అడుగుల ఎత్తున కొండ నెత్తి మీద ఉంటుంది. అక్కడ నీటి పని చాలావరకు పొగమంచు చేస్తుంది.

నడవడానికి వీలైన నేల నరకడానికీ వీలైనదే. ఏటి పక్కన చదునుగా ఉన్న చోట పెద్ద చెట్టును పడగొట్టడం, దుంగలు లాక్కెళ్లడం, రైలు పట్టాలు వేయడం కొండ వాలు మీద కంటే తేలిక. అందుకే ఇలాంటి చోట్లు ముందు పోయాయి. ఈ రోజు మిగిలిన ప్రతి చిన్న ట్రైల్ వెనకా ఎవరో ఒకరు పట్టుబట్టి ఆపిన కథ ఉంటుంది.

## మిగిలినవి ఎలా మిగిలాయి

హెన్రీ కోవెల్‌లోని పాత తోపును 1867లో జోసెఫ్ వెల్చ్ అనే ఆయన కొన్నారు, నరకడానికి కాదు, విడిది నడపడానికి. చెట్లు చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర డబ్బు తీసుకునేవారు. 1900లో ఆండ్రూ హిల్ అనే ఫొటోగ్రాఫర్ అక్కడ ఫొటోలు తీస్తే, యజమాని ఆ నెగటివ్‌లు ఇచ్చెయ్యమని పేచీ పెట్టారు. ఇలాంటి చెట్లు ఒకరి సొత్తుగా ఉండడమేంటన్న కోపం హిల్‌ను ఊరుకోనివ్వలేదు. అదే ఏడాది సెంపర్‌వైరెన్స్ క్లబ్ పుట్టింది, 1902లో బిగ్ బేసిన్ రాష్ట్ర పార్కు అయింది. కాలిఫోర్నియా రాష్ట్ర పార్కుల్లో అన్నిటికంటే పాతది అదే.

మ్యూర్ వుడ్స్‌ది ఇంకాస్త ఉత్కంఠ ఉన్న కథ. 1905లో విలియం కెంట్, ఎలిజబెత్ కెంట్ దంపతులు ఆ లోయలో 611 ఎకరాలు 45,000 డాలర్లకు కొన్నారు. రెండేళ్లు తిరక్కుండానే ఓ నీటి కంపెనీ ఏటికి ఆనకట్ట కడతామంటూ భూమి స్వాధీనం కోసం కోర్టుకెక్కింది. కోర్టులో గెలవడం కష్టమని కెంట్‌కు తెలుసు. అందుకే 295 ఎకరాలు కేంద్ర ప్రభుత్వానికి ఉచితంగా రాసిచ్చేశారు. ప్రభుత్వ భూమిని కంపెనీ లాక్కోలేదు కదా. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. తన పేరు వద్దని, ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ పేరు పెట్టమని కెంట్ కోరారు.

ఈ కథను ఇక్కడితో ఆపేస్తే సగం చెప్పినట్టే. అదే కెంట్ తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి ఆసియావాళ్ల వలసలను గట్టిగా వ్యతిరేకించారు. 1918లో మొదలై లక్షల ఎకరాల అడవిని కాపాడిన సేవ్ ద రెడ్‌వుడ్స్ లీగ్ స్థాపకుల్లో మాడిసన్ గ్రాంట్ అనే జాత్యహంకార సిద్ధాంతకర్త కూడా ఉన్నారు. అంతకంటే ముందు, ఇది ఎవరూ లేని అడవి కాదు. మ్యూర్ వుడ్స్ కోస్ట్ మీవాక్ అనే స్థానిక తెగ ప్రజల నేల. ఉత్తరాన యూరోక్ ప్రజలు పడిపోయిన రెడ్‌వుడ్ దుంగలను తొలిచి పడవలు చేసుకునేవారు, చీల్చిన పలకలతో ఇళ్లు కట్టుకునేవారు. చెట్లను కాపాడినవాళ్లకు రుణపడి ఉంటూనే ఈ సంగతులు కూడా తెలుసుకుని నడవడమే సరైన పద్ధతి.

## వేళ్ల మీద అడుగులు

ఇంత ఎత్తు చెట్టుకు పాతాళం దాకా వేరు ఉంటుందనుకుంటాం. రెడ్‌వుడ్‌కు తల్లివేరు ఉండదు. వేళ్లు సాధారణంగా రెండు నుంచి నాలుగు మీటర్ల లోతు దాటవు, పక్కలకు మాత్రం 30 మీటర్ల దాకా పాకుతాయి. పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుని తోపంతా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడుతుంది. నీటినీ పోషకాలనూ పీల్చే సన్న వేళ్లయితే ఇంకా పైపైనే, రాలిన ఆకుల పొర కిందే ఉంటాయి.

ఆ పొర మీద కాలు పెడితే పరుపులా దిగుతుంది. వందల ఏళ్లుగా రాలిన ఆకులు, పుల్లలు, బెరడు ముక్కలు కుళ్లుతూ ఏర్పడ్డ నేల అది. దాని నిండా గాలి ఖాళీలే. వాన నీరు అందులోంచే లోపలికి దిగుతుంది, వేళ్లకు తోడుండే శిలీంధ్రాలు అందులోనే బతుకుతాయి. ఒక్కరు నడిస్తే ఏమీ కాదు. రోజూ వందల మంది ఒకే చెట్టు మొదట్లో చేరి ఫొటో దిగితే ఆ ఖాళీలన్నీ నొక్కుకుపోతాయి, మట్టి గట్టిబడుతుంది. నీరు ఇంకకుండా పైనుంచి జారిపోతుంది, సన్న వేళ్లు చస్తాయి, ఫెర్న్ మొక్కలు మళ్లీ మొలవవు. చెట్టు వెంటనే పడిపోదు, అదే అసలు చిక్కు. దాని బాధ పైకి కనిపించేసరికి చాలా ఏళ్లు గడిచిపోతాయి.

జెడెడయా స్మిత్ పార్కులోని గ్రోవ్ ఆఫ్ టైటన్స్‌లో జరిగింది ఇదే. 1998లో పరిశోధకులు ఆ పెద్ద చెట్ల తోపును గుర్తించి చోటు బయటపెట్టలేదు. ఇంటర్నెట్‌లో ఆచూకీ పాకిపోయాక జనం దారి లేని చోట దారులు చేసుకున్నారు. పచ్చటి ఫెర్న్ నేల చిన్న చిన్న కాలిబాటల వలలా చీలిపోయింది. మూసేయడమా, మంచి దారి వేయడమా అన్నప్పుడు రెండోదే ఎంచుకున్నారు. నేలకు తగలకుండా ఎత్తుగా లేపిన నడకబాట సుమారు 1,300 అడుగులు కట్టారు. వేళ్లకు బరువు తగలదు, కింద నీరు పారుతుంది, జనం చెట్టును దగ్గర్నుంచే చూస్తారు.

హైపీరియన్ విషయంలో ఆ వీలు లేదు. దానికి ట్రైల్ లేదు, అడవిలో పడి వెతుక్కుంటూ వెళ్లాలి, వెళ్లినవాళ్లకు కింద నుంచి దాని శిఖరం కూడా కనపడదు. అయినా వెళ్లేవారు, చెట్టు మొదలు చుట్టూ నేల బోడిగా అయ్యేదాకా. అందుకే 2022లో ఆ చోటు పూర్తిగా మూసేశారు. జరిమానా ఎక్కువే, కానీ ఆ చెట్టుకు ఇంకో రక్షణ లేదు.

## నెత్తిన పొగమంచు

కాలిఫోర్నియా తీరంలో వేసవి అంటే వాన చుక్క పడని కాలం. సరిగ్గా అప్పుడే పసిఫిక్ మీద నుంచి పొగమంచు లోయల్లోకి పాకుతుంది. రెడ్‌వుడ్ ఆకులు దాన్ని దువ్వినట్టు పట్టుకుంటాయి, బొట్లు కట్టి కింద రాలుతుంది. టాడ్ డాసన్ అనే శాస్త్రవేత్త 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఉత్తర కాలిఫోర్నియాలో తాను పరిశీలించిన తోపుకు ఏడాదిలో అందే నీటిలో దాదాపు మూడో వంతు, సరిగ్గా చెప్పాలంటే 34 శాతం, ఇలా చెట్ల మీద నుంచి రాలిన పొగమంచు నీరేనని తేలింది. ఆకాశంలో మేఘం లేని ఉదయం కూడా ట్రైల్ మీద టపటపా చినుకులు పడుతుంటాయి, అది ఇదే. నేల మీద పడ్డ ఆ నీరు చెట్టుకే కాదు, కింద ఉన్న ఫెర్న్‌లకూ ఏటిలో చేపలకూ పనికొస్తుంది.

ఆకులు నేరుగా కూడా నీటిని పీల్చుకుంటాయి. పై కొమ్మలకు ఇది చాలా అవసరం, ఎందుకంటే వంద మీటర్ల పైకి వేళ్ల నుంచి నీటిని లాగడం మామూలు సంగతి కాదు. ఎత్తు పెరిగేకొద్దీ నీటి గొట్టాల్లో లాగుడు పెరుగుతుంది, ఒక దశ దాటితే నీటి ధార తెగి గాలి బుడగలు చేరతాయి. అందుకే శిఖరం దగ్గరి ఆకులు చిన్నగా, పొలుసుల్లా, కాండానికి అంటుకుని ఉంటాయి, కింది కొమ్మల ఆకులు మాత్రం దువ్వెనలా విచ్చుకుని ఉంటాయి. ట్రైల్ మీద పడి ఉన్న రెండు రకాల రెమ్మలు ఏరి పక్కపక్కన పెడితే ఒకే చెట్టువంటే నమ్మబుద్ధి కాదు. ఈ లెక్కలతో 2004లో ఓ శాస్త్రబృందం ఈ చెట్టు ఎత్తుకు గరిష్ఠ హద్దు 122 నుంచి 130 మీటర్ల మధ్య ఉంటుందని చెప్పింది.

పొగమంచూ నీడా కలిసి కింద ఒక ప్రత్యేకమైన లోకాన్ని తయారు చేశాయి. బాట పక్కనే రెడ్‌వుడ్ సోరెల్ అనే చిన్న మొక్క పరుచుకుని ఉంటుంది. మన పెరట్లో మొలిచే పులిచింత జాతిదే అది, అవే మూడు గుండె ఆకారపు రేకుల ఆకులు, కాకపోతే పెద్దవి. నీడకు అలవాటు పడ్డ మొక్క కావడంతో కొమ్మల సందులోంచి ఎండ నేరుగా పడితే నిమిషాల్లో ఆకులు గొడుగు మూసినట్టు కిందికి వాల్చేస్తుంది, ఎండ పక్కకు జరిగాక మళ్లీ విప్పుకుంటుంది. పిల్లలతో వెళ్లినవాళ్లు ఒక ఎండ మచ్చ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే ఇది కళ్ల ముందే జరుగుతుంది. చాలామంది పైకి చూస్తూ దీన్ని దాటిపోతారు.

## కాలిన చెట్టు చావలేదు

2020 ఆగస్టులో వాన లేని పిడుగులు పడి సాంటా క్రూజ్ కొండల్లో మంటలు లేచాయి. బిగ్ బేసిన్ పార్కులో 97 శాతం కాలింది. 1936 నాటి పార్కు ప్రధాన భవనంతో సహా దాదాపు కట్టడాలన్నీ బూడిదయ్యాయి. రెండు వేల ఏళ్ల చెట్లు పోయాయని ప్రపంచమంతా అనుకుంది. కానీ పాత రెడ్‌వుడ్లలో ఎక్కువ భాగం బతికే ఉన్నాయి.

కారణాలు మూడు నాలుగు కలిశాయి. పెద్ద చెట్టు బెరడు ఒక అడుగు మందం దాకా ఉంటుంది, పీచులా మెత్తగా ఉన్నా లోపలికి వేడిని పోనివ్వదు. పైన్ చెట్లలా భగ్గున మండే జిగురు ఇందులో దాదాపు ఉండదు. పురుగునూ కుళ్లునూ అడ్డుకునే టానిన్‌లు నిండుగా ఉంటాయి, చేవ ఎర్రగా కనిపించడానికీ అవే కారణం. అన్నిటికంటే పెద్ద బలం పిలకలు వేయగలగడం. సూదాకు చెట్లలో ఇది అరుదు. బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు, ఆకులన్నీ కాలిపోయాక లేస్తాయి. నల్లటి కాండం నిలువునా పచ్చటి నూగు పట్టినట్టు చిగుళ్లు వచ్చాయి. 2023లో వచ్చిన ఓ అధ్యయనం ఇంకో ఆశ్చర్యం బయటపెట్టింది. ఆకు ఒక్కటీ లేని చెట్టు ఆ చిగుళ్లకు కావాల్సిన శక్తిని దశాబ్దాల కిందట తయారు చేసి దాచుకున్న నిల్వల నుంచి తీసిందట. పక్కనున్న డగ్లస్ ఫర్ చెట్లకు ఆ వీలు లేక చాలా చచ్చిపోయాయి.

నరికిన మొద్దు చుట్టూ కూడా ఇలాగే పిలకలు లేస్తాయి. తల్లి చెట్టు పోయి వందల ఏళ్లయినా, చుట్టూ గుండ్రంగా పెరిగిన పిల్ల చెట్లు దాని కొలత చెబుతాయి. ట్రైల్స్ మీద ఇలాంటి వలయాలు తరచూ కనిపిస్తాయి. చెట్ల మొదళ్లలో నల్లగా కాలిన తొర్రలు కూడా అంతే మామూలు, ఒకప్పుడు అక్కడ స్థిరపడ్డవాళ్లు వాటిలో బాతులు పెంచుకున్నారట.

అయితే దీన్ని చూసి రెడ్‌వుడ్‌కు నిప్పంటే లెక్కే లేదనుకోవడం తప్పు. తరతరాలుగా స్థానిక తెగలు అప్పుడప్పుడు చిన్న మంటలు పెట్టి కింది చెత్త తగ్గించేవి. వందేళ్లపాటు ప్రతి మంటనూ ఆర్పేయడంతో ఆ చెత్త పేరుకుంది, వాతావరణం వేడెక్కి ఎండింది, మంట చెట్ల నెత్తి దాకా ఎక్కింది. చెట్టు తట్టుకోగలదు గానీ, కోలుకోకముందే మరో మంట వస్తే ఆ నిల్వలు ఎన్నిసార్లు సరిపోతాయి?

## పడిన చెట్టు, పైన నరికిన కొండ

ఫౌండర్స్ గ్రోవ్‌లో అర మైలు నడకలో అందరూ ఆగేది నిలబడ్డ చెట్టు దగ్గర కాదు, పడిపోయిన డయర్‌విల్ జెయింట్ దగ్గర. సుమారు 110 మీటర్ల ఆ చెట్టు 1991 మార్చిలో కూలింది. వానలకు నేల నాని ఉంది, పక్క చెట్టు ఒకటి ఒరిగి మీద పడింది, కొద్ది రోజులకు ఇదీ పడింది. లేచి వచ్చిన వేళ్ల చక్రం మనిషి ఎత్తుకు రెండు మూడింతలు. అంత చెట్టును మోసిన వేళ్లు ఎంత పలచగా పరుచుకున్నాయో చెప్పడానికి దీన్ని మించిన పాఠం లేదు. దాన్ని కోసి తీసేయలేదు. పడిన కాండం వందల ఏళ్లు కుళ్లుతూ తేమ పట్టి ఉంచుతుంది, దాని మీదే ఫెర్న్‌లు, కొత్త మొక్కలు లేస్తాయి. పాత అడవి అంటే ఎత్తు చెట్లు మాత్రమే కాదు, ఇలా పడినవీ, మోడులూ, సందుల్లోంచి పడే వెలుగూ, అన్ని వయసుల చెట్లూ కలిస్తేనే. నరికాక లేచిన అడవిలో ఒకే వయసు చెట్లు కిక్కిరిసి ఉంటాయి, కింద చీకటిగా ఉంటుంది, పడిన పెద్ద దుంగలు ఉండవు.

ఆ దగ్గర్లోనే బుల్ క్రీక్ మరో పాఠం నేర్పింది. ఏటి ఒడ్డున పెద్ద చెట్లను కొని పార్కులో చేర్చారు గానీ పైన కొండలు కలప కంపెనీల చేతుల్లోనే ఉన్నాయి. వాటిని నరికేశారు. 1955 వరదకు ఆ బోడి కొండల మట్టీ రాళ్లూ ఏటిలోకి దిగాయి, ఏరు పూడి ఒడ్డులను కోసుకుంటూ పోయింది, రక్షణలో ఉన్న వందల పెద్ద చెట్లు కూలిపోయాయి. తోపును కాపాడాలంటే దాని పై కొండల నీటి పరీవాహకాన్నంతా కాపాడాలని అప్పుడు అర్థమైంది. 1968లో ఏర్పడ్డ రెడ్‌వుడ్ జాతీయ పార్కును 1978లో విస్తరించినప్పుడు, నరికేసిన కొండలను కూడా కలిపి తీసుకుని పాత లాగింగ్ రోడ్లను పూడ్చడం మొదలుపెట్టింది అందుకే.

## బిస్కెట్ ముక్కకూ సముద్రపు పక్షికీ సంబంధం

కొన్ని పార్కుల్లో తినేటప్పుడు ఒక్క ముక్క కూడా నేల మీద వదలొద్దని గట్టిగా చెబుతారు. శుభ్రత కోసమే అనుకుంటే పొరపాటు. మార్బుల్డ్ మర్‌లెట్ అనే చిన్న సముద్రపు పక్షి చేపల కోసం సముద్రానికి వెళ్తుంది, గుడ్డు పెట్టడానికి మాత్రం పాత అడవిలోని చెట్లకు వస్తుంది. గూడు కట్టదు, లావుపాటి కొమ్మ మీద నాచు గుంటలో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అలాంటి కొమ్మ తయారు కావాలంటే చెట్టుకు వందల ఏళ్లు కావాలి. ఆ పక్షి గూడు చోటు మొదటిసారి 1974లో బిగ్ బేసిన్‌లోనే బయటపడింది. చిప్స్, బిస్కెట్ల కోసం స్టెల్లర్స్ జే పిట్టలు, మాలకాకులు పిక్నిక్ చోట్లకు చేరతాయి, చేరినవి పైన గుడ్లను కూడా వెతికి తింటాయి. 1992 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉన్న పక్షికి ఒక గుడ్డు పోవడమంటే ఆ ఏటి సంతానం పోవడమే. ఇంటి నుంచి పులిహోర, జంతికలు కట్టుకెళ్లేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. తినొద్దని కాదు, తినడానికి కేటాయించిన చోట తిని, రాలినది ఏరుకుని రావాలి.

## ఇక ముందు ఏమవుతుంది

పొగమంచు లెక్కలు కాస్త టెన్షన్ పెట్టేవే. 2010లో వచ్చిన ఓ అధ్యయనం ప్రకారం 20వ శతాబ్దం మొదట్లోకంటే కాలిఫోర్నియా తీరంలో వేసవి పొగమంచు దాదాపు మూడో వంతు తగ్గింది. మరోవైపు కొన్ని పాత చెట్లు 1970ల తర్వాత మునుపటికంటే వేగంగా కలప చేర్చుకుంటున్నాయని కూడా పరిశోధకులు గమనించారు. రెండూ నిజమే కావచ్చు. ఉత్తరాన తేమ ఎక్కువ కాబట్టి వేడిమి కొంత మేలు చేస్తుంది, దక్షిణం అంచున ఉన్న చిన్న తోపులకు అదే గండం. హెక్టారుకు 2,600 టన్నుల దాకా కార్బన్‌ను పట్టి ఉంచే అడవులివి, ఇంకే అడవిలోనూ అంత నిల్వ నమోదు కాలేదు. అందుకే 2018లో మొదలైన రెడ్‌వుడ్స్ రైజింగ్ కార్యక్రమం కింద, నరికాక కిక్కిరిసి లేచిన తోపుల్లో కొన్ని చెట్లు తీసేసి మిగతావి త్వరగా పెద్దవయ్యేలా చూస్తున్నారు. అడవిని కాపాడడానికి చెట్లు కొట్టడమేంటని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, కానీ ఒకే వయసు చెట్లు వెలుగు కోసం కొట్టుకుంటూ దశాబ్దాలపాటు సన్నగా నిలిచిపోయిన చోట ఆ పని సమంజసమే.

జనం ఒత్తిడి తగ్గే సూచనలు లేవు. మ్యూర్ వుడ్స్‌లో పాత అడవి 240 ఎకరాలే, దానికి ఏటా వచ్చేవారు దాదాపు 10 లక్షలకు చేరారు. సన్నటి కొండ రోడ్డు అంచుల్లో కార్లు ఆపడంతో మట్టి జారి ఏటిలోకి, అంతరించే ప్రమాదంలో ఉన్న కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే చోటికి చేరేది. 2018 జనవరి నుంచి పార్కింగ్‌కూ షటిల్ బస్సుకూ రిజర్వేషన్ పెట్టింది ఇందుకే. దీనివల్ల మొత్తం జనం మరీ తగ్గకపోయినా రోజంతా సర్దుకుంటారు, లోపల నడక నెమ్మదిగా సాగుతుంది. అప్పటికప్పుడు అనుకుని బయల్దేరేవాళ్లకు నష్టమే. అయినా లోయకు చేసిన మేలు ముందు అది చిన్నది.

## ఎవరికి ఏ దారి

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే బే ఏరియాకు దగ్గరలో హెన్రీ కోవెల్ మంచి ఎంపిక. 0.8 మైలు చుట్టు, చదును, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. మ్యూర్ వుడ్స్‌లో ఏటి మీది వంతెనల లెక్కన నడక తగ్గించుకోవచ్చు. రెండో వంతెన దగ్గర తిరిగితే అర మైలు, మూడో దాని దగ్గరైతే మైలు. రిజర్వేషన్ ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకుని, వేసవైనా స్వెటర్ పట్టుకెళ్లాలి. కాలిన అడవి ఎలా కోలుకుంటుందో చూడాలంటే బిగ్ బేసిన్‌లో ప్రధాన తోపు చుట్టూ ఉన్న రెడ్‌వుడ్ లూప్ ఉంది, అక్కడా పార్కింగ్ ముందే బుక్ చేసుకోవడం మేలు. నాలుగైదు గంటల డ్రైవ్‌కు సిద్ధమైతే ఫౌండర్స్ గ్రోవ్, ఇంకా పైకి పోతే మైలున్నర చుట్టున్న లేడీ బర్డ్ జాన్సన్ గ్రోవ్. పేరు చూసి టాల్ ట్రీస్ గ్రోవ్‌కు మాత్రం పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు, ముందుగా పర్మిట్ తీసుకోవాలి, పైగా దిగిన దాదాపు 800 అడుగులూ తిరిగి ఎక్కాలి.